వస్తానన్నారు

జనవరి 3, మంగళవారం

ఈ డైరీ నేను కొన్నది కాదు. కొత్త సంవత్సరానికి మా పళ్ల క్లినిక్కులో పేషెంట్లకు పంచగా మిగిలింది. అట్ట మీద కాళ్లూ చేతులూ ఉన్న పన్ను ఒకటి పళ్లికిలిస్తూ ఉంటుంది. పంటికి మళ్లీ పళ్లెందుకో ఆ బొమ్మ వేసినవాడికే తెలియాలి. డాక్టరుగారు పట్టుకెళ్లమంటే తెచ్చుకున్నాను. అక్క చూసి, "పొద్దస్తమానం ఊరందరితో వాగి వస్తావు, రాయడానికి కూడా ఇంకా మిగిలిందీ?" అంది.

ఇవాళ పలకరింపుల పెట్టె తీశాను. ఆరు నెలల కిందట వచ్చి వెళ్లినవాళ్ల కార్డులవి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మిమ్మల్ని మేం మర్చిపోలేదండీ, మీ పళ్లు ఎలా ఉన్నాయి?" అనాలి. డాక్టరుగారు ఈ వాక్యం రాసిచ్చి ఇరవై ఏళ్లయింది. నిద్రలో లేపి అడిగినా రాగంతో సహా చెప్తాను. రెండో పెట్టె పిలుపులది. అందులో కార్డులకు ఎర్ర క్లిప్పు ఉంటుంది. వాళ్లు తప్పకుండా రావాల్సినవాళ్లు, కాబట్టి ఏ రోజు, ఎన్నింటికి అని అడిగి కార్డు మీద వేసుకోవాలి. పలకరింపు వేరు, పిలుపు వేరు. కొత్త నర్సు ఎవరు చేరినా మొదటిరోజు నేను చెప్పే పాఠం ఇదే.

ముప్పై ఒక్క ఫోన్లు. ఒక పెద్దావిడ, "నన్ను మర్చిపోలేదు సరేనమ్మా, నాకు పళ్లే లేవన్న సంగతి మర్చిపోయినట్టున్నారు" అంది. కట్టుడు పళ్లు పెట్టింది మేమే. నవ్వేశాను.

డ్రిల్లు మాస్టారు ఫోన్ ఎత్తలేదు. బడిలో పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన మనిషి, మెడలో ఈల ఇప్పటికీ తియ్యరు. "ఈ వీధిలో డ్రిల్లు మాస్టర్లం ఇద్దరం తల్లీ, నేనూ మీ డాక్టరూ. నన్ను చూసి పిల్లలు పారిపోయేవాళ్లు, ఆయన్ని చూసి పెద్దాళ్లు పారిపోతున్నారు" అని వచ్చిన ప్రతిసారీ అంటారు. నాకు పిలుపులమ్మ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఫోను పెట్టేసేటప్పుడు లోకమంతా "ఉంటాను" అంటుంది. ఆయన మాత్రం అనరు. "ఉంటానని ఎవరం చెప్పగలం? వస్తానంటే ఏ పేచీ లేదు" అని, ఎదురుగా ఉన్నా, ఫోనులో ఉన్నా "వస్తాను మరి" అనే సెలవు తీసుకుంటారు. రేపో ఎల్లుండో మళ్లీ చేయాలి.

జనవరి 5

మాస్టారి ఫోన్ కూతురు ఎత్తింది. పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి, ఒకటి రెండుసార్లు చూశాను. నేను మామూలుగా, "మిమ్మల్ని మేం మర్చిపోలేదండీ, మీ పళ్లు..." అనేశాక ఆపి, "నాన్నగారు మాట్లాడలేరండి" అంది.

బుగ్గలో పుండు. డిసెంబరులో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఎడమ దవడ తీసేశారట. ఇప్పుడు మెడ దాకా పాకింది. ఇంక చేసేదేం లేదని ఇంటికి పంపేశారు.

"చాలా ఆలస్యంగా వచ్చారన్నారండి" అంది. ఇంకేం మాట్లాడానో గుర్తు లేదు. తర్వాతి కార్డు తీసి ఇంకొకరికి ఫోన్ చేసి, వాళ్లను మేం మర్చిపోలేదని చెప్పాను.

జనవరి 6

కార్డు తీసి డాక్టరుగారికి చూపించాను. ఆయన రాత ఇలా ఉంది. జూన్ 7. ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ. రెండు వారాల్లో మళ్లీ చూడాలి. తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి.

దాని కింద నా రాత. జూన్ 21. ఫోన్ చేశాను. వస్తానన్నారు. పక్కన టిక్కు.

డాక్టరుగారు కార్డు రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "పోన్లెండి, మనం పిలిచాం. ఆయనే రాలేదు. మనమేం చేస్తాం? రాసిపెట్టి మంచి పని చేశారమ్మా" అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇవాళ అందులో ఒకటి.

జనవరి 7

ఫోన్ చేశాను. కార్డు మీద ఉంది.

జనవరి 9

మాస్టారి కూతురు వచ్చింది. మందులిచ్చే డాక్టరు పాత కాగితాలు అడిగాడట. కార్డు నకలు తీసి ఇచ్చాను. కౌంటర్ దగ్గరే నిలబడి చదివింది. నా రాత దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది.

"మీరు ఫోన్ చేశారా మేడమ్?"

"చేశానమ్మా."

"వస్తానన్నారా?"

"అన్నారు."

ఆమె ఆ వరస మళ్లీ చదివింది. తర్వాత, "నేను వందసార్లు అడిగాను. 'వాళ్లే పిలుస్తామన్నారు, పిలవలేదు, అందుకే వెళ్లలేదు' అని ప్రతిసారీ అదే మాట. మిమ్మల్ని తిట్టుకున్నాను నేను. ఇన్నాళ్లూ మీ క్లినిక్కుని తిట్టుకున్నాను. అబద్ధమన్నమాట. భయపడి రాకుండా తప్పించుకుని, నాతో అబద్ధం చెప్పారన్నమాట" అంది.

నేను అప్పుడు ఏదైనా అనాల్సింది. "పెద్దవాళ్లమ్మా, వయసు" అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో తెలియదు. ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి, థాంక్సండీ అని వెళ్లిపోయింది.

జనవరి 10

జూన్ 21 అక్క స్నానాలగదిలో జారిపడిన రోజు. ఆ రోజు నా బుర్ర నా దగ్గర లేదు. పొద్దున కాలు కట్టించి, పరిగెత్తుకుంటూ క్లినిక్కుకు వెళ్లి, ఫోన్ల ముందు కూర్చున్నాను. అలాంటి రోజు ఎవరైనా ఏం చేస్తారు? అయినా నేను ఫోన్ చేశాను. మానలేదు.

జనవరి 11

అన్నం దగ్గర అక్కను మాటవరసకు అడిగాను, నువ్వు పడింది జూన్‌లోనే కదా అని.

"జూలై ఆఖర్లో. ఎముకల డాక్టరు చీటీ బీరువాలో ఉంది, తీసి చూసుకో. అయినా నా కాలు ఎప్పుడు విరిగితే నీకెందుకే ఇప్పుడు?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగితే గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటావేం?" అంది. నాలుగు రోజులుగా నేను సరిగ్గా తినడం లేదని అక్క చూస్తూనే ఉంది. దాని కళ్లు కప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. చీటీ తీసి చూశాను. జూలై 28.

జనవరి 15, ఆదివారం

మాస్టారి ఇంటికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను.

ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. సగం ముఖానికి కట్టు. మనిషి ఎంత ఉండేవారో అందులో సగం ఉన్నారు. మెడలో ఈల మాత్రం ఉంది. ఊదలేరు కదా, ఎవరినైనా పిలవాలంటే దాంతో మంచం కమ్మీ మీద టకటకా కొడతారు. మాట్లాడేందుకు చిన్నపిల్లల పలక ఒకటి ఇచ్చారు. నన్ను చూడగానే కుడి కన్నుతో నవ్వి, పలక మీద 'పిలుపులమ్మా!' అని రాశారు. నాకు ఏడుపు వచ్చింది. దగ్గు వచ్చినట్టు అటు తిరిగాను.

కూతురు గ్లాసులో గొట్టం పెట్టి తెచ్చింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపితే, "తాగండి నాన్నా. చెప్పిన మాట ఒక్కటైనా వినండి. అప్పుడు విని ఉంటే ఇలా ఉండేది కాదు. ఇదిగో, ఫోన్ చేసినావిడే ఎదురుగా ఉన్నారు. ఇప్పుడు చెప్పండి, పిలవలేదని" అంది. గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి పోయింది.

ఆయన చాలాసేపు పలకకేసి చూసి, తుడిచి, రాశారు. 'నన్ను పిలిచావా, పలకరించావా?'

నా పాఠం నాకే. ఆయన ఎన్నోసార్లు కౌంటర్ ముందు కూర్చుని, నర్సులకు నేను చెప్పడం విన్నారు.

"పిలిచాను మాస్టారూ" అన్నాను.

ఆయన తల ఊపారు. మెల్లగా తుడిచి మళ్లీ రాశారు. 'పలకరించినట్టు గుర్తు. పిలిచినట్టు గుర్తు లేదు. అయితే బుర్ర కూడా పోయిందన్నమాట.'

కాసేపు కూర్చుని లేచి, "వస్తాను మాస్టారూ" అన్నాను.

ఆయన ఈలతో టక్కుమని కొట్టి ఆపారు. 'ఎప్పుడు?' అని రాశారు.

వచ్చే ఆదివారం అన్నాను.

జనవరి 16

ఈ డైరీ ఎవరూ చదవరు. అక్కకు చదవాలన్న ఆసక్తి లేదు, నాకు పిల్లల్లేరు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంక నాకు మిగిలేదేం లేదు.

జూన్ 21న అక్క పడలేదు. తలనొప్పి లేదు. కౌంటర్ దగ్గర రద్దీ లేదు. నేను హుషారుగా ఉన్నాను. పొద్దుటి నుంచి వరసగా ఫోన్లు చేస్తున్నాను, నలభై దాటింది, ఒక్క పూటలో అన్ని నేనెప్పుడూ చేయలేదు. పలకరింపుల పెట్టె అయిపోయాక ఆ ఊపులోనే పిలుపుల పెట్టె తీశాను. అందులో మిగిలింది మాస్టారి కార్డు ఒక్కటే. ఎర్ర క్లిప్పు కళ్ల ముందే ఉంది. తెల్లమచ్చ అని చదివాను. చదివి కూడా, నోటికి అలవాటైన రాగంలో, "మిమ్మల్ని మేం మర్చిపోలేదు మాస్టారూ, మీ పళ్లు ఎలా ఉన్నాయి?" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. "నా పళ్లకేం తల్లీ, నాకంటే గట్టిగా ఉన్నాయి. మీ డ్రిల్లు మాస్టారిని అడిగానని చెప్పు" అన్నారు. రమ్మని నేను అనలేదు. మచ్చ ఎలా ఉందని అడగలేదు. రెండు వారాలయింది అనలేదు. వాతావరణం గురించి ఏదో అన్నాం. తర్వాత ఆయన, "వస్తాను మరి" అని పెట్టేశారు.

నేను రాశాను. వస్తానన్నారు.

పదేళ్లుగా ఆయన ప్రతి ఫోనూ అదే మాటతో పెట్టేస్తారని నాకు తెలుసు. అది సెలవు మాటని తెలుసు. రాసేటప్పుడు కూడా తెలుసు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. మళ్లీ ఫోన్ చేయడానికి బద్ధకం. అదే నిజం. టిక్కు పెడితే ఎర్ర క్లిప్పు తీసేయొచ్చు, కార్డు పలకరింపుల పెట్టెలోకి పోతుంది, పిలుపుల పెట్టె ఖాళీ అవుతుంది. ఖాళీ పెట్టె చూసి ఇంటికి వెళ్లడం నాకు ఇష్టం. టైము రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆ గడి ఖాళీగా ఉందని డాక్టరుగారు చూడలేదు, ఆ అమ్మాయీ చూడలేదు. నిన్న ఆయన చూడకుండానే అడిగారు, ఎప్పుడు అని.

ఆయన పిలుపు కోసం ఎదురుచూశారు. మచ్చ మండుతుంటే పంటి బిగువున ఓర్చుకుని, వాళ్లే పిలుస్తారులే అని కూర్చున్నారు. పిలుపులమ్మ పిలవకుండా ఎలా ఉంటుంది అనుకుని ఉంటారు.

జనవరి 22, ఆదివారం

వాన. వెళ్లలేదు.

జనవరి 23

అంత పెద్ద వానేం కాదు.

జనవరి 26

అక్కకు చెప్పాను. కూర తరుగుతోంది, కత్తి పక్కన పెట్టి మొత్తం విన్నది. ఏదో సామెత పడేస్తుందనుకున్నాను. పడేయలేదు.

"ఆయన బాగవుతాడా?" అంది.

"లేదు."

"మరి నువ్వు ఎవరి కోసం ఆగుతున్నావు?"

ఉద్యోగం పోతుందని భయం. ఆ అమ్మాయి ముఖం చూడాలంటే భయం. చెప్పకపోయినా ఆయన ఎలాగూ పోతారు, చెప్పినా పోతారు, తేడా ఏముంది అని కూడా అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

"తేడా ఆ పిల్లకుంది. ఆయన ఉన్నన్నాళ్లూ తిడుతుంది, పోయాక బతికినన్నాళ్లూ తిడుతుంది. ఆయనకేమో మతి పోయిందని దిగులు. చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకుని పోతాడు పాపం" అంది అక్క. మళ్లీ కత్తి తీసుకుంది. దానికి నా మీద కోపం వచ్చింది, కూర ముక్కలు చూస్తే తెలిసింది.

జనవరి 27

డాక్టరుగారికి చెప్పాను. చేతి తొడుగులు తీస్తూ విన్నారు.

"ఇప్పుడు తవ్వి ఏం లాభమమ్మా? కార్డు మీద ఉన్నది ఉంది. మీరు ఫోన్ చేశారు, ఆయన ఆ మాట అన్నారు. రెండూ నిజమే కదా?"

"రెండూ నిజమేనండీ. రెండూ కలిపితే అబద్ధం."

ఆయన నాకేసి చూడలేదు. చేతులు కడుక్కుంటూ, "రెండు వారాల్లో రమ్మని నేనే ఆయనకు గట్టిగా చెప్పి ఉండాల్సింది. భయపడతారేమోనని, మీరు ఫోన్ చేసి పిలుస్తారని మాత్రమే చెప్పాను" అన్నారు. నీళ్లు చాలాసేపు పోనిచ్చారు. తర్వాత, "మీ ఇష్టం. నేను ఆపను. తర్వాత ఏమవుతుందో మాత్రం నాకు తెలియదు" అన్నారు.

కార్డు తీసి 'వస్తానన్నారు' మీద గీత కొట్టాను. పక్కన రాశాను. సెలవు తీసుకున్న మాట. రమ్మని నేను అడగలేదు. కింద ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టాను.

జనవరి 29, ఆదివారం

వెళ్లాను. ఆయన ఇంకా తగ్గిపోయారు. కూతురు మంచం పక్కన కుర్చీలో కూర్చుని దుప్పటి మడతపెడుతోంది. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. క్లిప్పు, మచ్చ, పలకరింపు, వస్తాను మరి, టిక్కు, అన్నీ చెప్పాను. "నాన్నగారు అబద్ధం చెప్పలేదమ్మా. ఆయన బుర్రకేం కాలేదు. నేను పిలవలేదు" అన్నాను.

దుప్పటి ఆమె ఒళ్లో అలాగే ఉండిపోయింది.

"ఇరవై రోజుల నుంచి ఆయన్ని తిడుతున్నాను" అంది చివరికి. "ఆ కాగితం ఇంటికి తెచ్చిన రోజు 'పిలవలేదు' అని రాస్తుంటే, ఇంకా అబద్ధాలు రాస్తున్నారని పలక లాగేసుకున్నాను. ఒక రోజంతా ఇవ్వలేదు. నోరు లేని మనిషి దగ్గర పలక లాక్కున్నానండీ. తెలుసా మీకు?"

నాకు తెలియదు.

"ఆ రోజు కౌంటర్ దగ్గర అడిగానే. అప్పుడే చెప్పొచ్చు కదా!" ఆమె ఆయన పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన చెయ్యి చాచితే తల అందలేదు, భుజం అందింది. అక్కడే నిమురుతూ ఉన్నారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. క్షమించండి అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు, ఎవరూ వినలేదు.

కొంతసేపటికి ఆమె లేచి ముఖం తుడుచుకుంది. "మీరింక మా ఇంటికి రావద్దు" అంది. అరవలేదు. మామూలుగానే అంది.

తల ఊపాను. గుమ్మం దాకా వెళ్లి ఆయనకేసి తిరిగాను. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. రావద్దన్న ఇంట్లో నిలబడి ఆ మాట ఎలా అంటాను? దానికి బదులు ఏమనాలో ఎవరూ నాకు నేర్పలేదు.

"వెళ్తాను మాస్టారూ" అన్నాను.

టకటకా ఈల మోగింది. ఆయన పలక వెతుక్కున్నారు. దుప్పటి కింద ఉంటే కూతురే తీసి ఇచ్చింది. ఒక్కో అక్షరానికీ ఆగుతున్నారు. పిల్లలకు తప్పు దిద్దినట్టు రాశారు.

'వెళ్తాను అనకూడదు.'

ఆయన పలక అలాగే పట్టుకుని ఉన్నారు.

"వస్తాను మాస్టారూ."

తుడిచి రాశారు. 'ఎప్పుడు?'

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె పలకకేసి చూస్తోంది. వద్దని అనలేదు, రమ్మని అనలేదు.

"గురువారం. నాలుగింటికి" అన్నాను.

ఆయన పలక మీద ఓ మూల చిన్నగా వేసుకున్నారు. గురు, 4.

జనవరి 31

పిలుపుల పెట్టెలో తొమ్మిది కార్డులు. తొమ్మిదిమందికీ రోజు, టైము అడిగి రాశాను. ఒకాయన, "ఏంటమ్మా పోలీసులా అడుగుతున్నావు?" అన్నాడు. మళ్లీ అడిగాను.

ఫిబ్రవరి 2, గురువారం

సాయంత్రం పూట క్లినిక్కు తెరిచేది అయిదింటికి. మూడున్నరకే ఇంట్లోంచి బయల్దేరాను. అక్క గొడుగు చేతికిచ్చింది. వాన లేదు, అయినా తీసుకున్నాను.

మాస్టారి వీధి మలుపు తిరిగేసరికి వాళ్ల గుమ్మం ముందు చెప్పులు కనిపించాయి. చాలా జతలు ఉన్నాయి, మెట్ల మీద కూడా. వాటిలో బడిపిల్లల బూట్లు కూడా ఉన్నాయి. కొంచెంసేపు వీధిలోనే నిలబడ్డాను. తర్వాత నా చెప్పులు కూడా వాటి పక్కన విడిచాను.

లోపల ముందు గదిలో మంచం తీసేశారు. కిటికీలో పలక ఉంది. మూలన రాసుకున్నది ఎవరూ తుడవలేదు.

కూతురు నన్ను చూసి లేచి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. పొమ్మంటుందనుకున్నాను. గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. నాలుగు.

"వచ్చారా" అంది.

"వచ్చానమ్మా" అన్నాను.